రంగు పోయిందండి, నీళ్ళు బాగుపడ్డాయండి!

ఈ దేశానికి మిథిలిన్ బ్లూని మించిన శత్రువు లేదండి. నమ్మకపోతే మన కాలేజీల వాళ్ళు అచ్చేయించే పరిశోధనా పత్రాలు ఓసారి తిరగెయ్యండి. కెమిస్ట్రీ వాళ్ళు, ఫిజిక్స్ వాళ్ళు, నానో టెక్నాలజీ వాళ్ళు, ఆఖరికి బోటనీ వాళ్ళు కూడా మూకుమ్మడిగా దాని మీద పడ్డారు. ఒకాయన రెండు గంటల్లో దాని అంతు చూశాడు. ఇంకొకావిడ గంటన్నరలోనే చూసింది. నూటికి తొంభై ఎనిమిది పాళ్ళు నాశనమైందని గ్రాఫు గీసి మరీ చూపించారు. మిగిలిన రెండు పాళ్ళ సంగతి తేల్చడానికి ఇంకో కుర్రాడు పీహెచ్‌డీలో చేరాడు. దేశం నిశ్చింతగా ఉంది.

చిక్కల్లా ఏమిటంటే, ఆ శత్రువుని మా పాలకొల్లులో చూసినవాళ్ళు లేరు. నరసాపురం కాలువ మా ఊరి మీదుగానే పోతుంది. దాన్లో గుర్రపుడెక్క ఉంది, ప్లాస్టిక్ కవర్లున్నాయి, కొబ్బరి డొక్కలున్నాయి, ఊరి మురుగుంది, పెళ్ళిభోజనాల ఎంగిలి విస్తళ్ళున్నాయి. మిథిలిన్ బ్లూ మాత్రం లేదు. రేవులో మునిగినవాడెవడూ నీలంగా పైకి లేవలేదు. అయినా ఏ పత్రం మొదటి పేరా చూసినా అదే శోకం: జలవనరులు రంగులతో నాశనమైపోతున్నాయి, జీవరాశి అల్లాడిపోతోంది, కనుక మేము మిథిలిన్ బ్లూని పట్టుకున్నాము.

తిట్టేముందు అదెవరో తెలుసుకోవడం న్యాయం కదండీ. 1876లో జర్మనీలో, బీఏఎస్‌ఎఫ్ కంపెనీలో పనిచేసే హైన్రిక్ కారో అనే ఆయన తయారుచేసిన రంగిది. 1891లో పాల్ ఎర్లిక్ దాన్ని మలేరియా రోగులకు మందుగా ఇచ్చి చూశాడు. ఇవాళ్టికీ ఆస్పత్రుల్లో ఉంది. నైట్రేటు ఎక్కువైన బావినీళ్ళు పాలపొడిలో కలిపి పట్టించడం వల్ల రక్తం చెడి, పెదాలు నీలబడ్డ పసిబిడ్డకు నరంలోకి ఎక్కించే మందు ఇదే. అంటే, చెడ్డనీళ్ళ పాలబడినవాణ్ణి బతికించే మందుని పట్టుకొచ్చి, చెడ్డనీళ్ళన్నిటికీ ప్రతినిధిగా బోనులో నిలబెట్టారన్నమాట.

ఇంతమంది ఉండగా దాన్నే ఎందుకు పట్టుకున్నారంటారా? చవకండి. చిటికెడు వేస్తే బిందెడు నీళ్ళు నీలమైపోతాయి. 664 నానోమీటర్ల దగ్గర కాంతిని ఆబగా పీలుస్తుంది కనుక, కాలేజీ మూలన దుమ్ము పట్టిన స్పెక్ట్రోఫోటోమీటరు కూడా దాన్ని పసిగట్టేస్తుంది. పోతే పోయినట్టు కంటికి తెలుస్తుంది. ఎడమవైపు నీలం గ్లాసు, కుడివైపు తెల్ల గ్లాసు పెట్టి ఫోటో తీసుకోవచ్చు. కాలువలో నిజంగా ఉన్నవి ఫోటోకి పలకవు. తన జేబులో తనే చెయ్యి పెట్టుకుని, దొంగ దొరికాడని అరిచినవాడికి పోలీసు పతకం ఇచ్చినట్టుంది వ్యవహారం.

శాస్త్రాన్ని వెక్కిరిస్తున్నానని మాత్రం అనుకోకండి. శాస్త్రం నిఖార్సయినదే. 1972లో ఫుజిషిమా, హోండా అనే ఇద్దరు జపాను వాళ్ళు, టైటానియం డయాక్సైడ్ మీద కాంతి పడితే నీళ్ళు హైడ్రోజనూ ఆక్సిజనూ కింద విడిపోతాయని నేచర్ పత్రికలో రాశారు. టైటానియం డయాక్సైడంటే మీ గోడకు వేసిన తెల్ల పెయింటులో ఉన్నదేనండి. దాని ముడిసరుకు ఇల్మనైటు మన భీమిలి ఇసుకలోనూ, శ్రీకూర్మం ఇసుకలోనూ ఉంది. ఆ తెల్లపొడి మీద అతినీలలోహిత కాంతి పడితే లోపలి ఎలక్ట్రాన్ ఒకటి ఎగిరి పైమెట్టు మీదికి పోతుంది, కింద దాని చోటు ఖాళీ అవుతుంది. ఆ ఖాళీ పక్కనున్న నీటిని పట్టుకుని హైడ్రాక్సిల్ రాడికల్ అనే ఘటాన్ని పుట్టిస్తుంది. క్లోరిన్‌ని మించిన ఆక్సీకరణ శక్తి దానిది. రంగు అణువుని విరిచి, ముక్కల్ని మళ్ళీ విరిచి, తగినంత సేపు ఉండనిస్తే చివరికి కార్బన్ డయాక్సైడూ నీరూ చేసి వదుల్తుంది. పొడి మాత్రం పొడిలాగే ఉంటుంది, ఏమీ ఎరగనట్టు.

ఇది పనిచేసే చోట పనిచేస్తోంది కూడా. 2001లో పిల్కింగ్టన్ కంపెనీ, తనను తానే కడుక్కునే కిటికీ అద్దాన్ని అమ్మకానికి పెట్టింది. అద్దం మీద ఈ పొడి పల్చటి పూతగా ఉంటుంది. మురికి పల్చన, ఎండ తిన్నగా పడుతుంది, వానొచ్చి మిగతాది కడిగేస్తుంది. సరిపోయింది. కానీ కాలువ కిటికీ అద్దం కాదండి. ఆ ఒక్క ముక్కా మనవాళ్ళకి యాభై ఏళ్ళుగా మింగుడుపడటం లేదు.

ఆమధ్య సైన్స్ డేకి మన వైపు ఒక కాలేజీవాళ్ళు నన్ను పిలిచారు. పేరెందుకు లెండి. కిటికీలకు నల్లగుడ్డ కట్టిన గది. చెక్కపెట్టెలో దీపం, దీపం ముందు వంద మిల్లీలీటర్ల బీకరు, బీకరు అడుగున అయస్కాంతం ముక్క గిరగిరా తిరుగుతోంది. నీళ్ళు డిస్టిల్డ్ వాటర్. అందులో లీటరుకు పది మిల్లీగ్రాముల లెక్కన రంగు, లీటరుకు గ్రాము లెక్కన పొడి. పావుగంటకోసారి పిప్పెట్టుతో కాస్త తీసి, పొడి అడుక్కి దిగేదాకా తిప్పి, చిన్న గాజుగొట్టంలో పోసి మీటర్లో పెడుతోంది తెల్లకోటు తొడుక్కున్న అమ్మాయి. నీలం వెలిసి లేతనీలమై, లేతనీలం కాస్తా పుచ్చపువ్వులా తెల్లబడింది. ముఖ్య అతిథిగారు చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను, అంత ముచ్చటగా ఉంది.

"ఈ పొడి మళ్ళీ నీళ్ళలోంచి ఎలా తీస్తావమ్మా?" అనడిగాను.

"సెంట్రిఫ్యూజ్‌లో తిప్పుతామండి."

"కాలువ పట్టే సెంట్రిఫ్యూజ్ ఉందా?"

నవ్వింది. "అది ఫ్యూచర్ స్కోప్‌లో రాశామండి."

"పోనీ, కాలువ నీళ్ళు తెచ్చి ఎప్పుడైనా చేసి చూశారా?"

అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "ఓసారి చేశామండి. రిజల్ట్ రాలేదు. థీసిస్‌లో పెట్టొద్దన్నారండి."

పిల్ల బంగారం. ఆ గదిలో ఆ పూట చెప్పిన శాస్త్రీయమైన మాట అదొక్కటే. ఆ తర్వాత, పొద్దుటి నుంచి కలిపిపెట్టుకున్న నీలం ఫ్లాస్కులు నాలుగైదు మిగిలితే తీసుకెళ్ళి సింకులో వంచేసింది. ఆ నీళ్ళెక్కడికి పోతాయమ్మా అంటే నల్లగుడ్డ పక్కకి తప్పించి చూపించింది. గోడ వెనక గొట్టం. గొట్టం కింద కచ్చా డ్రైను. డ్రైను చివర కాలువ. ఆయ్, అప్పుడు బోధపడిందండి. మా కాలువలోకి మిథిలిన్ బ్లూ వచ్చే దారంటూ ఒకటుంటే, అది దాన్ని చంపే గదిలోంచేనని!

అల్లు రామలింగయ్యగారు పుట్టిన ఊరు కదండీ మాది, ఇలాంటివి చూసి నవ్వాపుకోవడం మాకు చేతకాదు. కాస్త ఆపుకుని లెక్కలోకి వద్దాం. పది మిల్లీగ్రాముల రంగుకి వెయ్యి మిల్లీగ్రాముల పొడి. ఒక్కణ్ణి కొట్టడానికి వందమంది. ఇదే లెక్క కాలువకి వేయండి. పెద్ద కాలువ వద్దు, సెకనుకు ఒక్క ఘనమీటరు నీళ్ళు పారే చిన్న పంటకాలువ చాలు. సెకనుకు కిలో పొడి. రోజుకు 86 టన్నుల 400 కిలోలు. 'మళ్ళీ మళ్ళీ వాడుకోవచ్చు' అంటారు. నిజమే, పట్టుకోగలిగితే. ఇరవై ముప్ఫై నానోమీటర్ల రేణువుని పట్టడానికి తూము దగ్గర పంచె అడ్డం కడితే సరిపోదు కదా. పట్టుకోలేకపోయింది వరిమడిలోకి పోతుంది, చెరువులో రొయ్య నోట్లోకి పోతుంది.

ఇక దీపం. మూడొందల వాట్ల జినాన్ దీపం రెండు గంటలు వెలిగితే 0.6 యూనిట్. బాగైన నీళ్ళు వంద మిల్లీలీటర్లు, అంటే గుక్కెడు. మన ఇళ్ళకొచ్చే ఇరవై లీటర్ల టిన్ను ఉంది చూశారూ, అది నింపాలంటే 120 యూనిట్లు. మామూలు సంసారి ఇంట్లో నెలంతా ఫ్యాన్లూ ఫ్రిజ్జూ నడిచే కరెంటు. ఆటోలో టిన్నులేసుకుని తిరిగే కుర్రాడు ఇరవై రూపాయలకు గుమ్మంలో దించి పోతున్నాడు. ఈ ఇద్దర్లో ఇంజనీరెవరో మీరే చెప్పండి.

'దీపమెందుకండీ, మీకు ఎండ లేదా' అంటారు. ఎండకేం లోటండి, రోహిణి కార్తెకి రోళ్ళు పగుల్తాయి మా దగ్గర. కానీ టైటానియం డయాక్సైడుకి మహా పట్టింపు. 388 నానోమీటర్ల లోపు కాంతి అయితేనే కదుల్తుంది, ఎండలో అది నూటికి నాలుగైదు పాళ్ళు. మిగతా తొంభై అయిదు పాళ్ళూ మన నెత్తి మాడ్చడానికే. దాని పట్టింపు వదిలించడానికి నైట్రోజన్ కలిపారు, వెండి కలిపారు, ప్లాటినం కలిపారు, బంగారం కూడా కలిపారు. బంగారమండీ! మురుక్కాలువలోకి! మా ఊళ్ళో ఆడపిల్ల పెళ్ళికి నాలుగు కాసులు కూడబెట్టలేక నానా తంటాలు పడుతున్నవాళ్ళకి ఈ సంగతి చెప్పకండి.

బంగారం ఖరీదని ఈ మధ్య పెరట్లోకి దిగారు. దీని పేరు గ్రీన్ సింథసిస్. నానో రేణువుల్ని రసాయనాలతో కాకుండా ఆకుల కషాయంతో తయారుచేస్తారన్నమాట. మొదట తులసి. తర్వాత వేప. ఆ పైన కలబంద, మునగ, జామ, కరివేపాకు. ఆకుకో పేపరు. ఆకు అయిపోతే అదే చెట్టు బెరడు, బెరడయ్యాక పువ్వు, పువ్వయ్యాక కాయ తొక్క. ఒక్క మునగచెట్టు నీడన ముగ్గురు డాక్టరేట్లు తీసుకోవచ్చు. తయారైనది ఎప్పుడూ జింక్ ఆక్సైడో, వెండి రేణువో. చచ్చేది ఎప్పుడూ మిథిలిన్ బ్లూనే. మరీ విసుగనిపిస్తే రోడమిన్ బీ, ఇంకా వైరాగ్యం వస్తే మిథైల్ ఆరెంజ్. గోంగూర ఇంకా మిగిలిందేమోనని మా పక్కింటి పిల్ల పెరడంతా వెతుకుతోంది. ఆఖరి వాక్యం మాత్రం మారదు: 'ఈ పదార్థం వ్యర్థజలాల శుద్ధికి ఉపయోగపడే అవకాశం ఉంది.' ఆ అవకాశం నాకు తెలిసి ఇరవై ఏళ్ళుగా అలాగే ఉంది, పెళ్ళిచూపుల్లోనే ముసలిదైపోయింది.

పోనీ, ఈ చావైనా నిజమైన చావేనా? 2006లోనే జపాన్‌లో ఒతానీగారి బృందం ఒక ప్రశ్న వేసింది: కనిపించే కాంతితో పనిచేసే ఉత్ప్రేరకాన్ని, అంటే ఈ పొడి లాంటిదాన్ని, పరీక్షించడానికి మిథిలిన్ బ్లూ అసలు పనికొస్తుందా? రాదని వాళ్ళే తేల్చారు. ఎందుకంటే ఆ రంగు కాంతిని తనే పీల్చుకుంటుంది, పీల్చుకుని తనే వెలిసిపోగలదు. పొడి గొప్పతనం ఎంతో, రంగు బలహీనత ఎంతో విడదీసి చెప్పలేం. పైగా మిథిలిన్ బ్లూకి ఇంకో గారడీ తెలుసు. ఎలక్ట్రాన్లు తగిలితే రంగులేని రూపంలోకి జారుకుంటుంది, గాలి తగిలితే మళ్ళీ నీలమవుతుంది. స్కూళ్ళలో సీసా ఊపి చూపించే ప్రయోగం ఇదే. అంటే బీకరులో తెల్లబడినదంతా చచ్చినట్టు కాదు, కొంత మూర్ఛపోయి ఉండొచ్చు. నిజంగా పోయిందో లేదో తెలియాలంటే నీళ్ళలో మిగిలిన మొత్తం సేంద్రియ కార్బన్ ఎంతో కొలవాలి. దానికి టీఓసీ మీటరని వేరే ఉంటుంది, ఖరీదెక్కువ. రంగు చూడ్డానికి కన్ను చాలు, అది పుట్టుకతో వచ్చింది.

2006 అంటే నిన్నా మొన్నా కాదు. అప్పుడు పుట్టినవాడు ఇవాళ కాలేజీలో ఉన్నాడు, బహుశా మిథిలిన్ బ్లూ మీదే ప్రాజెక్టు చేస్తున్నాడు. వాణ్ణనడానికి లేదండి. 2016 యూజీసీ నిబంధనల్లో, థీసిస్ ఇచ్చే ముందు కనీసం ఒక పేపరు అచ్చవ్వాలన్న షరతు ఉండేది. 2022లో తీసేశారు. షరతు పోయింది, అలవాటు పోలేదు. కాలేజీకి ర్యాంకు కావాలంటే పేపరు, మేష్టారికి ప్రమోషన్ కావాలంటే పేపరు. నీళ్ళు ఎన్ని లీటర్లు బాగుపడ్డాయని అడిగే గడి ఏ ఫారంలోనూ లేదు. గడి లేనిచోట మార్కులెవరు వేస్తారు!

ఈలోగా అసలు రంగులు వాటి పని అవి చూసుకుంటున్నాయి. చిత్తూరు జిల్లా నగరి వెళ్ళి చూడండి. మరమగ్గాల ఊరు, దాని వెంబడి అద్దకం యూనిట్లు. ఆ నీళ్ళు ఏట్లో కలుస్తున్నాయని అక్కడి రైతులు మొత్తుకుంటూనే ఉన్నారు. ఆ ఏరు కిందికి పోయి తమిళనాడులో పూండి జలాశయం చేరుతుంది. చెన్నపట్నం తాగే నీళ్ళలో కొన్ని ఆ జలాశయంవే. మనం కృష్ణ నీళ్ళు తెలుగుగంగ కాలువ తవ్వి, కండలేరు నుంచి అదే పూండికి పంపిస్తున్నాం, అదొక మహాయజ్ఞం లాగా. ఒక చేత్తో తీర్థం, ఇంకో చేత్తో అద్దకం కడిగిన నీళ్ళు. అతిథి మర్యాదల్లో తెలుగువాళ్ళ తర్వాతే ఎవరైనా.

అద్దకం తొట్టెలో ఏముంటుందో చూస్తే బీకరువాళ్ళకి కళ్ళు తిరుగుతాయి. నూలుకి పట్టే రియాక్టివ్ రంగు, బట్టను అంటుకోవడానికి ఉప్పు కావాలి. లీటరుకు నలభై నుంచి ఎనభై గ్రాములు కూడా వేస్తారు, సముద్రంలో ఉన్నది ముప్ఫై అయిదు. ఇంత చేసినా రంగులో నూటికి పది నుంచి నలభై పాళ్ళు బట్టను పట్టకుండా నీళ్ళతో పోతుంది. దానికి తోడు సోడా, సబ్బు, గంజి. హైడ్రాక్సిల్ రాడికల్‌కి స్వపర భేదం లేదు, కంటబడ్డదానిమీదల్లా పడుతుంది. ఉప్పులోని క్లోరైడు, సోడాలోని కార్బొనేటు, గంజి, అన్నిటితో కుస్తీ పట్టి, రంగు దాకా వచ్చేసరికి దానికి ఓపిక ఉండదు. రంగు దాకా వచ్చి గెలిచిందే అనుకోండి. ఉప్పు మాటేమిటి? ఉప్పుని విరగ్గొట్టే కాంతి ఇంకా పుట్టలేదు. నీళ్ళు స్ఫటికంలా మెరుస్తూ వెళ్ళి పొలాన్ని చౌడు చేసి వస్తాయి.

చట్టం మాత్రం రంగుతో ఆగలేదండి, ఆ మాట ఒప్పుకోవాలి. 2016లో కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్‌లో బట్టల పరిశ్రమ వదిలే నీళ్ళకి రంగు 150 ప్లాటినం-కోబాల్ట్ యూనిట్లు దాటకూడదనీ, మురికిని ఆక్సిజన్ లెక్కన కొలిచే సీఓడీ లీటరుకు 250 మిల్లీగ్రాములు, బీఓడీ 30, కరిగిన లవణాలు 2100 దాటకూడదనీ ఉంది. అంతకుముందే, 1990లలో, విరిగితే క్యాన్సర్ కారకాలు పుట్టించే 112 రంగుల్ని నిషేధించారు. గమనించండి: ఆ రంగుల నేరం రంగు కాదు, విరిగాక మిగిలే అమీన్లు. వాటికి రంగు ఉండనక్కర్లేదు. ఇంత తెలిసీ, తనిఖీకి వచ్చినవాడికీ చూపించేవాడికీ మధ్య పరీక్ష ఎలా జరుగుతుందంటే, సీసా ఎత్తి ఎండలోకి పట్టి చూడ్డం. తెల్లగా ఉంటే సంతకం. ఆ తెలుపు బ్లీచింగ్ నీళ్ళు గుమ్మరిస్తే వచ్చిందా, ఇంకో బోరు నీళ్ళు కలిపితే వచ్చిందా అనేది వేదాంతం.

రంగునీళ్ళ మీద ఈ దేశంలో గట్టిగా పనిచేసిన ఉత్ప్రేరకం ఒక్కటే చూశాను నేను. టైటానియం కాదు, కోర్టు కాగితం. తిరుప్పూరు అద్దకాలతో నొయ్యల్ నది పాడై, ఒరత్తుపాళయం డ్యామ్ విషపు గుంటై, రైతులు కోర్టుకెక్కి ఏళ్ళ తరబడి తిరిగితే, 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు అద్దకం యూనిట్లు మూసేయమంది. ఏడొందల పైచిలుకు యూనిట్లు. కరెంటు తీసేశాక ఆ యూనిట్ల రంగు ఆగింది. దీపం లేదు, పొడి లేదు, కరివేపాకు లేదు. తర్వాత ఒక్క చుక్కా బయటికి వదలని ప్లాంట్లు పెట్టుకుని తెరిచారు. ఆర్‌ఓ ఫిల్టర్లు, నీళ్ళు మరిగించి ఆవిరి చేసే బాయిలర్లు. అందులో మిగిలే ఉప్పూ మడ్డీ బస్తాలకెత్తి ఎక్కడ పెట్టాలో తెలీక ఇప్పటికీ తలపట్టుకుంటున్నారు. పీహెచ్‌డీకి పనికొచ్చే సమస్య అదండి. కానీ మడ్డి ఫోటోకి అందంగా ఉండదు.

పాలకొల్లువాడికి అద్దకం గురించి ఎందుకింత అని మీకు అనుమానం రావొచ్చు. 17వ శతాబ్దంలో డచ్చివాళ్ళు మా ఊళ్ళో కోఠీ పెట్టుకుని బట్టలు నేయించి, అద్దించి, ఓడలకెక్కించారండి. పక్కనే నరసాపురం దగ్గర మాధవాయిపాలెంలో ఇంగ్లీషువాళ్ళ కోఠీ. ఆ పల్లె పేరే నోరు తిరక్క మడపొల్లం అన్నారు, అక్కణ్ణుంచి పోయిన నూలుగుడ్డకి లోకమంతా అదే పేరు నిలిచిపోయింది. అప్పటి అద్దకాలు నీలిమందుతో, చిరివేరుతో, కరక్కాయతో, పటికతో. అవన్నీ అమృతాలని నేననను, ఏటిని అవీ మురికి చేసి ఉంటాయి. ఇవాళ పెడనలో కలంకారీ బట్టని పారే నీళ్ళలో జాడించేవాళ్ళని చూస్తే ఒక్క సంగతి తెలుస్తుంది. అద్దకానికి ముందు కావలసింది మంచినీళ్ళు. కాలువ చెడితే మొదట చెడేది వాళ్ళ ఎరుపే. ఆ నీళ్ళలో మోకాటి లోతున నిలబడి పనిచేసేవాళ్ళ దగ్గరికి నానో పొడి పట్టుకుని ఎవరు వెళ్ళారో నాకు కనబళ్ళేదు. వెళ్తే వాళ్ళే చెప్పేవాళ్ళు, జూలై ఆగస్టుల్లో పొడి పనిచెయ్యదని.

ఎందుకంటారా? ఎర్రనీరండి. నదికి వరదొచ్చిందంటే కాలువలోకి దిగేది కాషాయం లాంటి ఒండ్రునీరు. జానెడు లోతున చెయ్యి పెడితే వేళ్ళు కనబడవు. కాంతితో పనిచేసే పొడి చీకట్లో ఏం చేస్తుంది? కూర్చుంటుంది. మా కాలువలో రంగంటూ ఉన్నది ఆ ఒండ్రుదే. ఆ రంగు పోవాలని ఏ రైతూ కోరుకోడు. దాంతోనే కదా 1852లో కాటన్ దొర గోదారి మీద ఆనకట్ట పూర్తిచేశాక ఈ డెల్టా పండింది. మాకు భయమల్లా రంగు లేనివాటితోనే. మాలకైట్ గ్రీన్ కథ తెలుసు కదండీ. చేపలకు బూజు తెగులొస్తే ప్రపంచమంతా వాడి, తర్వాత నిషేధించిన పచ్చరంగు. చేప ఒంట్లోకి వెళ్ళాక అది పచ్చగా ఉండదు, రంగులేని లూకో రూపంలోకి మారి కొవ్వులో దాక్కుంటుంది. అందుకే విదేశాల్లో సరుకు దించుకునేవాళ్ళు రంగున్నదాన్నీ రంగులేనిదాన్నీ రెండూ కలిపి కొలుస్తారు. కొనేవాడికి తెలిసిన విషయం కొలిచేవాడికి తెలియకపోవడం మన దగ్గరే చూశాను.

పొడిని పారేయమని కాదు నేననేది. స్పెయిన్‌లో అల్మేరియా అని ఒక చోటుంది, అక్కడ ఏళ్ళ తరబడి ఎండలోనే అద్దాల తొట్లు పరిచి, నిజమైన మురికినీళ్ళు పోసి, ఎన్ని చదరపు మీటర్ల ఎండకి ఎన్ని లీటర్లు బాగుపడ్డాయో లెక్క రాసుకుంటున్నారు. వాళ్ళు కాలువకి వేయలేదు. పుట్టిన చోటే పట్టుకున్నారు, సూక్ష్మజీవులు తినగలిగింది వాటికే వదిలి, అవి తినలేని కాస్త మొండిదాన్ని దీనికి వదిలారు. నగరిలో అయినా అంతే. తొట్టె దగ్గరే పట్టాలి. ఉప్పు వేరే దారి, గంజి వేరే దారి పట్టించాక, ఆఖర్న మిగిలిన దాని మీద పొడిని, చేతికి చిక్కేలా పలకకు అతికించి, వాడి చూడాలి. దీనికి ఇంజనీరు కావాలి, యూనిట్ ఓనరు ఒప్పుకోవాలి, మూడేళ్ళు పడుతుంది, రెండుసార్లు చెడిపోతుంది, పేపరు ఒకటే వస్తుంది. మునగాకయితే ఆరు నెలలు.

కనుక ఊరి తరపున ఒక మనవి. పరిశోధకులు ఎవరైనా సరే రండి. పొడి మీది, ఎండ మాది, నీళ్ళు కాలువవి. డిస్టిల్డ్ వాటర్ తేవద్దు, దీపం తేవద్దు, మిథిలిన్ బ్లూ అసలే తేవద్దు. కొబ్బరిబొండాలు కొట్టిస్తాం, మధ్యాహ్నం పులసల కాలమైతే పులుసు పెడతాం, సాయంత్రం క్షీరారామం గాలిగోపురం ముందు శాలువా కప్పుతాం. రంగు పోయిందని ఫోటో చూపిస్తే మాత్రం కప్పం. కార్బన్ ఎంత తగ్గింది, ఎన్ని లీటర్లకి, లీటరుకి ఎన్ని పైసలు, పొడి ఎంత తిరిగి చేతికొచ్చింది, ఈ నాలుగూ కాగితం మీద రాసి సంతకం పెడితే కప్పుతాం. 'మేము చేశాం, కాలేదు' అని రాసిచ్చినా కప్పుతాం. నిజానికి దానికైతే పట్టుశాలువా, ఎందుకంటే ఆ మాట అచ్చేసినవాళ్ళు బొత్తిగా అరుదు. ఆ తెల్లకోటు అమ్మాయిని కూడా వెంటబెట్టుకు రండి, ఆమె దగ్గర ఒక రిజల్ట్ మిగిలిపోయి ఉంది. వేసవిలో కాలువలు కట్టేస్తారు. ఆలోగా వస్తే నీళ్ళుంటాయి, తర్వాతయితే డ్రైనే.